వియ్యాలవారితో దీవుల విహారం



బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్ అనే పేరు పత్రికలు చదివేవాళ్లకి కొత్తేమీ కాదు. డొల్ల కంపెనీల వార్త వచ్చినప్పుడల్లా ఆ పేరు కనబడుతుంది. 2016లో పనామా పత్రాలు బయటపడినప్పుడు, వాటిలో ఉన్న కంపెనీల్లో సగానికి పైగా ఆ దీవుల్లో నమోదైనవే. అక్కడి జనాభా సుమారు 30 వేలు. కంపెనీలు మాత్రం లక్షల్లో! ఆ దస్తావేజులతో మనకి పనిలేదు. ఆ దీవుల రేవుల్లో ఇంకో వ్యాపారం ఉంది, నలుగురూ చూస్తుండగా నడిచేది. వంటిల్లు, పడకగదులు ఉన్న తెరచాప పడవని వారం రోజులకి అద్దెకిస్తారు. బంధువుల్నీ స్నేహితుల్నీ ఎక్కించుకుని, ఈ దీవి నుంచి ఆ దీవికి తాపీగా తిరిగి రావచ్చు. ఇవాళ చెప్పబోయేది దాని గురించి.

కరీబియన్ ప్రాంతంలో ప్యూర్టోరికోకి తూర్పున ఉన్నాయి ఈ దీవులు. చిన్నా పెద్దా కలిపి సుమారు 60. జనం ఉండేవి ఓ పదిహేను. 1493లో తన రెండో యాత్రలో కొలంబస్ ఇటుగా వచ్చాడు. ఇన్నిన్ని దీవులు వరసగా కనిపించేసరికి సెయింట్ ఉర్సులాతో పాటు ప్రాణాలిచ్చిన పదకొండు వేల మంది కన్యల కథ గుర్తొచ్చి ఈ పేరు పెట్టాడంటారు. పరిపాలన బ్రిటన్‌ది, చెల్లేది అమెరికా డాలరు.

రేడియోలో పటం చూపించలేను కాబట్టి మాటల్లోనే గీస్తాను. ఉత్తరాన టోర్టోలా అనే పొడుగాటి కొండల దీవి. రాజధాని రోడ్ టౌన్ దానిమీదే ఉంది. దక్షిణాన కొన్ని కిలోమీటర్ల అవతల చిన్న దీవుల వరస: నార్మన్, పీటర్, సాల్ట్, కూపర్, జింజర్. ఆ వరసకి తూర్పు కొసన వర్జిన్ గోర్డా. మధ్యలో ఉన్న నీటిపాయ పేరు సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ చానెల్. ఆ దీవుల వరస అడ్డం ఉండటంతో నడిసముద్రపు అల జోరు లోపలికి రాదు. గాలి మాత్రం వస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు తూర్పు నుంచి, గంటకి 30 కిలోమీటర్లకి అటూ ఇటూగా, చెప్పిన మాట వినే గాలి. ఆటుపోట్ల తేడా అడుగుకి మించి ఉండదు. అన్నిటికన్నా ముఖ్యం, ఎక్కడ నిలబడి చూసినా వెళ్లాల్సిన దీవి కళ్లెదుటే ఉంటుంది. ఒక్క దీవికి మాత్రం ఈ మాట వర్తించదు. దాని దగ్గరికి వస్తాను.

ఈ వసతిని గమనించి 1969లో చార్లీ, జిన్నీ కేరీ అనే అమెరికన్ దంపతులు ఆరు పడవలతో టోర్టోలాలో ఒక కంపెనీ పెట్టారు. పేరు ద మూరింగ్స్. సరంగు లేకుండా ఉత్త పడవని అప్పజెప్పడం వాళ్ల పద్ధతి. నడపడం వచ్చినవాళ్లు తీసుకెళ్లి, వారం తర్వాత తెచ్చి కట్టేయాలి. ఇవాళ ఆ రేవుల్లో అలాంటి కంపెనీలు చాలా ఉన్నాయి. ఇంతకు ముందు ఎక్కడ, ఎంత పడవ నడిపావో రాసిమ్మంటారు. నమ్మకం కుదరకపోతే తమ కెప్టెన్ని వెంట పంపుతారు. మనవాళ్లలో చాలామందికి కెప్టెన్ తప్పదు, అందులో చిన్నతనమూ లేదు. అయితే కెప్టెన్‌కి కూడా ఒక గది కావాలి, మూడు పూటలా భోజనం కావాలి. నాలుగు గదుల పడవ తీసుకుని నాలుగు జంటల్ని పిలిచేసి, చివర్లో కెప్టెన్ ఎక్కడ పడుకుంటాడని తల పట్టుకునేవాళ్లు ఉంటారు.

మేం వెళ్లింది మా అబ్బాయి కుటుంబం, కోడలి అమ్మానాన్నా, మా దంపతులం. అబ్బాయికి న్యూజెర్సీలో ఉద్యోగం. ఒకే పడవలో వియ్యాలవారం! ఇంట్లో అయితే ఎవరి గది వాళ్లది, మాట తేడా వస్తే గుడికనో బజారుకనో బయటికి వెళ్లిపోవచ్చు. పడవలో వెళ్లడానికి ఎక్కడుంది? అందుకే చాలామంది భయపడతారు. నా అనుభవంలో ఈ భయానికి మందు దూరం తగ్గించుకోవడం. రోజుకి రెండు గంటలు, మహా అయితే మూడు గంటలు ప్రయాణం. మధ్యాహ్నం రెండింటికల్లా ఎక్కడో ఒకచోట పడవ కట్టేయాలి. ఆ తర్వాత ఈతకి వెళ్లేవాళ్లు ఈతకి, ఒడ్డుకి వెళ్లేవాళ్లు ఒడ్డుకి, పేకాట ఆడేవాళ్లు పేకాటకి. దీవుల జాబితా పెట్టుకుని రోజుకి రెండు చొప్పున చూసేద్దామని బయల్దేరిన పడవల్లో మూడో రోజుకి ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. పెట్టిన డబ్బుకి సరిపడా చూడాలనే మన ఆత్రం బస్సు యాత్రకి పనికొస్తుంది, పడవకి పనికిరాదు.

చాలామంది తీసుకునేది కాటమరాన్. రెండు పొట్టలు, మధ్యన వెడల్పు బల్ల. ఒక పొట్ట పడవలా ఇది పక్కకి ఒరగదు, కాబట్టి మోకాళ్ల నొప్పులవాళ్లకి ఇదే మేలు. రోడ్ టౌన్ నుంచి నార్మన్ దీవి పన్నెండు పదమూడు కిలోమీటర్లు. తెరచాప మీద గంటకి పది, పదకొండు కిలోమీటర్లు పోతుంది. మొదటి రోజు ప్రయాణానికి అంతే చాలు. సముద్రం పడనివాళ్లకి ఒక మాట: లోపల గదిలో పడుకుంటే వాంతులు ఖాయం. పైకొచ్చి, వెనకవైపు కూర్చుని, దూరంగా నీళ్లూ ఆకాశం కలిసేచోట చూపు నిలపాలి.

దీవి దగ్గరికి వచ్చాక పడవ కట్టడం ఉంటుంది చూశారూ, అసలు తమాషా అది. అన్నిచోట్లా లంగరు వేయరు. పగడపు దిబ్బలు దెబ్బతినకుండా, సముద్రం అడుగున గట్టి కొండీ బిగించి, దానికో మోకు కట్టి, పైకొసన తేలే పెద్ద బంతి పెడతారు. దాన్ని మూరింగ్ అంటారు. రాత్రికి 30 డాలర్లు దాటుతుంది. పడవని గాలికి ఎదురు తిప్పి, నడక కన్నా నెమ్మదిగా బంతి దగ్గరికి తేవాలి. పడవ ముక్కు కింద ఏముందో చుక్కాని దగ్గరున్నవాడికి కనబడదు. కాబట్టి ముందు నిలబడ్డవాడు పొడుగాటి కొక్కెం కర్రతో బంతి ఎటుందో చూపిస్తూ ఉండాలి. బంతికి వేలాడే తాడు చివర ఒక ఉచ్చు ఉంటుంది, పాకుడు పట్టి చేతికి జారుతుంది. కొక్కెంతో దాన్ని పైకి లాగి, ఎడమవైపు మోకు అందులోంచి దూర్చి ఎడమవైపే కట్టాలి, కుడివైపుది కుడివైపే. ఇదంతా అయిదారు క్షణాల్లో అయిపోవాలి, లేకపోతే గాలి పడవని వెనక్కి తోసేస్తుంది. కర్ర పట్టుకున్నవాడు అప్పుడు కర్రయినా వదిలేయాలి, నీళ్లలోనైనా పడాలి.

మొదటి సాయంత్రం కర్ర మా అబ్బాయి చేతిలో ఉంది. వియ్యంకుడుగారు వాడి వెనక నిలబడి "కుడికి, కుడికి... అయ్యో, దాటిపోయింది బావగారూ!" అని మావారితో గట్టిగా అంటున్నారు. కెప్టెన్ తల కూడా తిప్పలేదు, అబ్బాయి చేతిలోని కర్రనే చూశాడు. కట్టడం అయ్యాక వచ్చి, పెద్దాయనకి చేయి కలిపి, రేపటి నుంచి కర్ర చూపే పని మీదే అన్నాడు. మర్నాటి నుంచి వియ్యంకుడిగారి నోట మాట లేదు. టోపీ పెట్టుకుని, కర్ర చాపి, దిక్కు చూపిస్తూ నిలబడేవారు. ఆ కెప్టెన్‌కి ఎంత జీతమిస్తారో తెలియదు గానీ, వియ్యంకుల్ని సముదాయించడంలో వాడికి మన పెళ్లిళ్ల పేరయ్యలు చాలరు. కట్టిన తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని నీళ్లలో దూకి, అడుగున కొండీ గట్టిగా ఉందో లేదో చూసొచ్చేవాడు. అప్పటిదాకా ఎవరూ సీసా మూత తీయకూడదు. ఈ నియమం నాకు బాగా నచ్చింది.

ఇక నీళ్లు. 45 అడుగుల కాటమరాన్‌లో మంచినీటి ట్యాంకు ఇంచుమించు 800 లీటర్లు పడుతుంది. ఏడెనిమిది మందికి, వారం రోజులకి, స్నానం, వంట, గిన్నెలు అన్నిటికీ అదే. కొన్ని పడవల్లో ఉప్పునీటిని మంచినీరుగా మార్చే యంత్రం ఉంటుంది గానీ, అది నడవాలంటే కరెంటు కావాలి. కాబట్టి స్నానం సముద్రంలోనే. వెనకమెట్ల మీద నిలబడి సబ్బు రుద్దుకుని, మళ్లీ దూకి, చివర మాత్రం మంచినీళ్లతో ఉప్పు కడుక్కోవడం. గిన్నెలు కూడా ముందు బకెట్టుతో తోడిన సముద్రపు నీటిలో తోమి, తర్వాత ఒక్క తడవ మంచినీళ్లు. మా వియ్యపురాలు పొద్దున్నే బిందెడు నీళ్లు పోసుకోనిదే కాఫీ ముట్టని మనిషి. మొదటి రోజు చీరతో దిగి, ఒడ్డుకి చేర్చే చిన్న పడవ డింగీ ఎక్కడానికి అవస్థపడ్డారు. మర్నాడు కోడలి చుడీదార్ వేసుకుని మెట్ల మీద కూర్చుని, "వదినగారూ, చెంబు నీళ్లు చాలునండీ" అన్నారు. మరుగుదొడ్డి సంగతి కూడా చెప్పాలి, ఎవరూ చెప్పరు కాబట్టి. దాని గొట్టాలు సన్నం. అందులో పడరానిది పడితే పూడుకుపోతుంది, పూడుకుంటే ఆ రోజు విహారం సరి. కెప్టెన్ మొదట చెప్పే పాఠం అదే. పిల్లలకి రెండుసార్లు చెప్పించండి.

నార్మన్ దీవిలో నీటి అంచున గుహలున్నాయి, ఈదుకుంటూ లోపలికి వెళ్లొచ్చు. 1750లో ఒక స్పానిష్ ఓడ నుంచి దొంగిలించిన సొమ్ము ఈ దీవిలో పాతిపెట్టారని చరిత్రలో ఉంది. స్టీవెన్‌సన్ రాసిన ట్రెజర్ ఐలాండ్‌కి ఈ దీవే ప్రేరణ అని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి, వ్యాపారం. నాకు అంతకన్నా ఆసక్తిగా అనిపించింది సాల్ట్ దీవి. దీవి నడుమ ఉప్పు చెరువులున్నాయి. ఒకప్పుడు అక్కడి జనం ఏటా బ్రిటన్ రాజుకి కట్టే శిస్తు ఒక బస్తా ఉప్పు. ఉప్పు మీద పన్ను కట్టి, దానికి వ్యతిరేకంగా దండియాత్ర చేసిన దేశం నుంచి వెళ్లినవాళ్లకి ఇది వింటే నవ్వొస్తుంది. ఆ దీవి పక్కనే 1867 అక్టోబరు 29న తుఫానులో రోన్ అనే తపాలా ఓడ రాతికి కొట్టుకుని రెండుగా విరిగి మునిగింది. వందమందికి పైగా పోయారు. ఓడ ఇంకా అడుగునే ఉంది. నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే, ఊపిరిగొట్టం పెట్టుకుని పైన తేలుతూనే ఆ ఇనుప పక్కటెముకలు, వాటి మధ్య తిరిగే చేపలు చూడొచ్చు.

వర్జిన్ గోర్డాలో బాత్స్ అనేచోట సముద్రపుటొడ్డునే నల్లరాతి గుండ్లు, కొన్ని 12 మీటర్ల దాకా, ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. సందుల్లో సముద్రపు నీళ్లు చేరి మడుగులయ్యాయి, పైనుంచి ఎండ పడుతుంది. హైదరాబాదు చుట్టుపక్కల పెరిగినవాళ్లకి ఆ గుండ్లు చూస్తే సొంతవాళ్లు కనబడినట్టుంటుంది. అదీ ఇదీ గ్రానైటే. నెర్రెల్లో నీరు చేరి, అంచులు అరిగి గుండ్రమవడం ఇద్దరిదీ ఒకటే కథ. తేడా ఏమిటంటే, అక్కడ దాన్ని జాతీయ ఉద్యానవనం చేసి కాపాడుకున్నారు, ఇక్కడ పగలగొట్టి కంకర చేస్తున్నాం. బాత్స్ దగ్గర రాత్రి పడవ కట్టనివ్వరు. ఒడ్డున జెండా రంగు చూసి ఈతకి దిగాలి. ఎర్రజెండా ఉంటే ఎంత దూరం నుంచి వచ్చినా సరే, దిగకూడదు.

వంట గురించి అడుగుతారని తెలుసు. గ్యాస్ పొయ్యి ఉంటుంది. కుక్కరు మాత్రం మనమే తీసుకెళ్లాలి. సరుకులన్నీ బయటి నుంచి వచ్చేవే కాబట్టి రోడ్ టౌన్ దుకాణాల్లో ధరలు ఘాటు. మేం కందిపొడి, ఆవకాయ, చింతపండు న్యూజెర్సీ నుంచే మోసుకెళ్లాం. మధ్యాహ్నం ప్రయాణంలో పులిహోర, రాత్రి పడవ కట్టాక వేడి అన్నం. పడవ నడుస్తుండగా పొయ్యి వెలిగించకూడదని నేనే నియమం పెట్టాను, కెప్టెన్ మెచ్చుకున్నాడు. ఒడ్డున తినాలంటే ప్రతిచోటా రోటీ దొరుకుతుంది. మెత్తటి రొట్టెలో కోడికూరో, మేకమాంసమో, శనగల కూరో చుట్టి ఇస్తారు. కొన్ని రకాల్లో రొట్టె మడతలోనే మెదిపిన పప్పు పెడతారు, తీపి లేని బొబ్బట్టు అనుకోండి. అది ట్రినిడాడ్ నుంచి వచ్చిన వంట. 1845 నుంచి చెరకు తోటల కూలికి ట్రినిడాడ్ వెళ్లిన మనవాళ్లు తీసుకెళ్లింది. ఎక్కువమంది కలకత్తా రేవులో ఎక్కారు, కొందరు మద్రాసు రేవులో. సెలవుల్లో పడవ విహారానికి వెళ్లిన మనం, బానిసత్వం పోయాక ఆ బానిసల చోట పనికి వెళ్లినవాళ్ల వంట తిని వచ్చాం. రోటీ చేతికి తీసుకున్నప్పుడు ఈ సంగతి పిల్లలకి చెప్పాలి. బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్ జనంలో అత్యధికులు ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతే. బ్రిటిష్ వలసల్లో 1834లో బానిసత్వం రద్దయింది. ఏటా ఆగస్టులో దానికి పండుగ చేసుకుంటారు.

ఇప్పుడు కళ్లకి కనబడని దీవి. పేరు అనెగడా. వర్జిన్ గోర్డాకి ఉత్తరాన, పాతిక కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. మిగతా దీవులన్నీ కొండలైతే ఇది పగడం, సున్నపురాయి. ఎత్తయిన చోటు కూడా 28 అడుగులే. దగ్గరికి వెళ్లేదాకా నీళ్ల మీద తాటిచెట్ల లాంటి చెట్ల తలలు తప్ప నేల కనబడదు. దాన్ని చుట్టుకుని 29 కిలోమీటర్ల పగడపు దిబ్బ ఉంది, వందల ఓడలు దానికి తగిలి మునిగాయి. అందుకే కొన్ని కంపెనీలు సొంతంగా నడిపేవాళ్లని అటు పోనివ్వవు. వెళ్లేవాళ్లు సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకి చేరతారు. అప్పుడే నీటి రంగు తెలుస్తుంది. ముదురు నీలమైతే లోతు, లేత ఆకుపచ్చ అయితే ఇసుక, గోధుమరంగు మచ్చ కనబడితే రాయి. చదవడం రానివాడు కూడా చదవగలిగిన పటం అది. అక్కడ ఒడ్డున సగానికి కోసిన ఇనుప డ్రమ్ముల్లో నిప్పులు పోసి సముద్రపు రొయ్యలు కాలుస్తారు, ఒక్కొక్కటి మూరెడు. మధ్యాహ్నమే పడవ రేడియోలో ఇన్ని కావాలని చెప్పి ఉంచాలి. శాకాహారులకి మొక్కజొన్న కండె, బంగాళాదుంప. మా వియ్యాలవారు ఆ రెండిటితోనే సర్దుకున్నారు. ఈ మొత్తం ప్రయాణంలో ఒక్క దీవే ఎంచుకోమంటే నేను అనెగడానే అంటాను.

2017 సెప్టెంబరు 6న ఇర్మా తుఫాను ఈ దీవుల మీద నుంచే వెళ్లింది. తుఫానుల్లో అదే అన్నిటికన్నా పై తరగతి, అయిదోది. భద్రంగా ఉంటాయని ఒక మడుగులో పక్కపక్కనే కట్టిన అద్దె పడవలు వందల సంఖ్యలో ఒకదాని మీద ఒకటి ఎక్కి ముక్కలయ్యాయి. ఇళ్ల కప్పులు ఎగిరిపోయాయి. కొండ మీద చెట్లకి ఒక్క ఆకు మిగల్లేదని మా కెప్టెన్ చెప్పాడు. మళ్లీ కట్టుకున్నారు. మళ్లీ పడవలొచ్చాయి.

ఈ తుఫాను మాట ఊరికే ఎత్తలేదు. అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు మనవైపు నుంచి ఏప్రిల్, మే నెలల్లో బయల్దేరి, ఆరు నెలలుండి దసరా, దీపావళికి తిరిగొస్తారు. ఈ దీవుల్లో తుఫాను కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. అందులో గడ్డుకాలం ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు. ఆ నెలల్లో పడవల అద్దె బాగా తగ్గుతుంది. చవకగా వస్తోందని పిల్లలు అప్పుడు తీసుకెళ్తామంటే వద్దనండి. అమెరికా చేరిన కొత్తలోనే, మే నెలలో వెళ్లండి. చలికాలపు విసురు తగ్గి గాలి మెత్తబడి ఉంటుంది, జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఉండే రద్దీ కూడా ఉండదు. ఈ దీవులు అమెరికావి కావు. కాబట్టి మీ వీసా మీద అమెరికాలోకి మళ్లీ అడుగుపెట్టడానికి వీలుందో లేదో, ఆ దీవులకి విడిగా వీసా కావాలో అక్కర్లేదో, టిక్కెట్టు కొనకముందే కనుక్కోండి. నాలుగు గదుల పడవ తీసుకుంటే మూడు జంటలే ఎక్కండి, నాలుగో గది కెప్టెన్‌కి వదలండి.